మనసు కుంగినవారికి చికిత్స – పంచాయతీల బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీటి పథకమును గూర్చియో, వీధి దీపములను గూర్చియో, ఇంటిపన్ను వసూలును గూర్చియో మీతో ముచ్చటించుటకు మేము తరచుగా వచ్చుచుందుము. నేడు మేము తెచ్చిన విషయము కంటికి కనిపించునది కాదు. కాలు విరిగినవానికి కట్టు కనిపించును. జ్వరము వచ్చినవాని ఒడలు కాలును. మనసు కుంగినవానికి పైకి ఏ గుర్తును కానరాదు. అతడు గోడవైపు తిరిగి పండుకొని యుండును. ఇంటివారు సోమరితనమందురు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు. తనకు పట్టినది వ్యాధి యని ఆ మనిషికే తెలియదు. దీనినే కుంగుబాటు అందుము. వైద్యులు డిప్రెషన్ అని చెప్పునది ఇదియే.

ఈ వ్యాధికి మందు కలదు. మందుతోపాటు దినచర్యలో చేసికొనవలసిన మార్పులును కలవు. ఈ రెండును కలిసినప్పుడు చాలమంది కోలుకొనుచున్నారు. అయితే మందు ఉండుట వేరు, అది పనిచేయు వరకు రోగిని నిలబెట్టుట వేరు. మొదటిది వైద్యుని పని. రెండవది ఊరి పని. నేటి మా ప్రసంగము ముఖ్యముగా ఈ రెండవ పనిని గూర్చియే.

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మెట్ట గ్రామమున ఈ విషయమును గూర్చియే ప్రచార సభ జరిపితిమి. బొమ్మలు చూపితిమి. కరపత్రములు పంచితిమి. మనసునకు వచ్చు జబ్బు కూడ జబ్బే యనియు, ఆసుపత్రికి పోయి మందు వాడవలసినదనియు బోధించి, సభ జయప్రదముగా జరిగినదని సంతోషించి తిరిగి వచ్చితిమి.

మూడు నెలల తరువాత వేరొక పనిమీద అదే గ్రామమునకు వెళ్ళగా ఒక వార్డు సభ్యురాలు మమ్ము నిలదీసినది. “అయ్యా, మీరు చెప్పారని మా వీధి రైతును ఆసుపత్రికి తీసుకుపోయాం. బిళ్ళలు ఇచ్చారు. పది రోజులు మింగాడు. కడుపులో తిప్పటం, తలనొప్పి తప్ప ఏం గుణం కనపడలేదు. ఇంట్లోవాళ్ళు ఆ బిళ్ళలు పెంటకుప్పలో పారేశారు. మీ మాట నమ్మి నేను ఆ ఇంట మాట పడ్డాను” అని యామె అన్నది.

మేము బదులు చెప్పలేకపోతిమి. తప్పు ఆ రైతుది కాదు, ఆ ఇంటివారిదియు కాదు. మందు వాడుడని మా కరపత్రములో పెద్ద అక్షరములతో వ్రాసితిమి గాని, అది ఎన్నాళ్ళకు గుణమిచ్చునో ఒక్క ముక్కయు వ్రాయలేదు. మనము తలనొప్పి బిళ్ళకు అలవాటు పడినవారము. మింగిన గంటకు గుణము కనిపింపనిచో ఆ మందు పనికిరాదని తలతుము. కుంగుబాటునకు ఇచ్చు మందు అట్టిది కాదు. ఆ సంగతి చెప్పకపోవుట మా పొరపాటు.

వ్యాధిని గుర్తించుట

బాధ కలిగినప్పుడు ఏడ్చుట వ్యాధి కాదు. పంట పోయినప్పుడు దిగులుపడుట, ఆప్తులు పోయినప్పుడు దుఃఖించుట మానవ సహజము. మరి వ్యాధి యని ఎట్లు తెలియును? వైద్యులు తొమ్మిది లక్షణములను చూతురు. ఎడతెగని దిగులు, మునుపు ఇష్టమైన పనులమీద ఆసక్తి పోవుట, నిద్ర పట్టకపోవుట లేక అతినిద్ర, ఆకలి తగ్గుట లేక పెరుగుట, ఏ పనియు చేయకున్నను అలసట, తాను ఎందులకును కొరగానివాడనని గాని, అంతయు తన తప్పే యని గాని భావించుట, మనసు నిలువకపోవుట, మాటయు నడకయు మందగించుట లేక కుదురులేకుండుట, చావును గూర్చిన తలపులు. వీనిలో మొదటి రెండింటిలో ఒకటైనను ఉండి, మొత్తము అయిదు లేక అంతకు మించిన లక్షణములు రెండు వారములపాటు దాదాపు ప్రతిదినము ఉండి, మనిషి పనిపాటలకు అడ్డు వచ్చినచో అది వ్యాధి యని తలచి వైద్యునికి చూపవలెను.

మన గ్రామములలో దిగులు దిగులుగా బయటపడదు. ఒళ్ళు నొప్పులనియు, గుండెదడ యనియు, నీరసమనియు బయటపడును. రక్తహీనత వలనను, థైరాయిడ్ గ్రంథి లోపము వలనను ఇట్టి లక్షణములే కలుగవచ్చును. కావున వైద్యుడు రక్తపరీక్ష చేయించుమన్నచో చేయింపవలెను. బాలింతలకు కూడ ఈ వ్యాధి రావచ్చును. బిడ్డను దగ్గరకు తీయుట లేదని ఆ తల్లిని నిందింపక, వైద్యురాలికి చూపుట ధర్మము.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో దేశమున 12 రాష్ట్రములలో మానసిక ఆరోగ్య సర్వే జరిపినది. పెద్దవారిలో సుమారు ప్రతి 20 మందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటునకు లోనైనవారేనని అందు తేలినది. కుంగుబాటు వంటి సాధారణ మానసిక వ్యాధులు కలవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుట లేదని కూడ తేలినది. ఆ లెక్క మన ఊళ్ళకును వర్తించునని అనుకొన్నచో, 2,000 మంది పెద్దవారున్న గ్రామములో సుమారు నూరుగురు ఈ వ్యాధిని చవిచూచినవారై యుందురు. మీ వార్డులో ఒక్కరును లేరని తోచినచో, వారు లేకపోలేదు, మనకు కనపడలేదని గ్రహింపవలెను.

ఔషధము

మనసునకు బిళ్ళ ఏమిటని కొందరు అడుగుదురు. 1950 తరువాతి సంవత్సరములలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అను మందు ఇచ్చుచుండగా, కొందరు రోగులలో ఉత్సాహము పెరుగుటను వైద్యులు గమనించిరి. స్విట్జర్లాండు దేశపు వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ అను మందు కుంగుబాటును తగ్గించునని 1957లో ప్రకటించెను. నాటినుండి ఈ చికిత్స ఎంతయో మెరుగుపడినది. నేడు ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ మున్నగు మందులు వాడుకలో నున్నవి. ఇవి మెదడులో సెరటోనిన్ అను పదార్థము చేయు పనిని హెచ్చించును. ఆ ఒక్క పదార్థపు కొరత వలననే వ్యాధి వచ్చునని చెప్పుటకు వీలులేదు. వంశము, అనారోగ్యము, అప్పు, ఒంటరితనము, మద్యము, చిన్ననాటి కష్టములు – ఇట్టి కారణములు అనేకము కలిసి మనిషిని కుంగదీయును. అయినను మందు మేలు చేయుచున్నదని పరిశోధనలు చెప్పుచున్నవి.

ఇక అసలు సంగతి. ఈ మందు గుణము కనిపించుటకు సాధారణముగా రెండు నుండి నాలుగు వారములు పట్టును. పూర్తి గుణమునకు ఆరు వారములు, ఎనిమిది వారములు కూడ పట్టవచ్చును. ఇబ్బందులు మాత్రము మొదటి దినములలోనే రావచ్చును. కడుపులో త్రిప్పుట, తలనొప్పి, నిద్రలో తేడా, కొంచెము కంగారు కలుగవచ్చును. పెక్కుమందిలో ఇవి ఒకటి రెండు వారములలో తగ్గిపోవును. దాంపత్యమున ఇబ్బంది వంటివి కొనసాగినచో సిగ్గుపడక వైద్యునికి చెప్పవలెను. అతడు మోతాదునో, మందునో మార్చును. అనగా కష్టము ముందు, ఫలము వెనుక. ఈ నడిమి వారములలోనే రోగి మందు మానుకొనును. మేము చెప్పిన రైతు మానినదియు అప్పుడే.

వరి నాటు వేసిన మీకు ఇది క్రొత్త విషయము కాదు. నారుమడినుండి పీకి నాటిన పైరు మొదట పాలిపోయి వాడును. దానిని చూచి ఏ రైతును పైరు పోయినదని దున్నివేయడు. నీరు చూచుకొనుచు, మూన తిరుగు వరకు ఓపిక పట్టును. మనిషి విషయమున కూడ ఆ ఓపికయే కావలెను.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. గుణము కనిపించిన వెంటనే మందు మానరాదు. కోలుకొన్న పిదప సాధారణముగా ఆరు నుండి తొమ్మిది నెలలు వాడవలెను. వ్యాధి మరల మరల వచ్చినవారికి ఇంకను ఎక్కువ కాలము అవసరము కావచ్చును. మానునప్పుడు వైద్యుని సలహాతో క్రమముగా తగ్గింపవలెను. ఒక్కసారిగా మానినచో తలత్రిప్పుట, చిరాకు, నిద్రలేమి కలుగవచ్చును. ఇది కల్లు, సారాల వంటి వ్యసనము కాదు. ఎక్కువ బిళ్ళలు కావలెనను యావను ఈ మందులు పుట్టింపవు. మునుపెన్నడైన రోగికి హద్దుమీరిన ఉత్సాహము, నిద్ర లేకుండ తిరుగుట, అతిగా ఖర్చు చేయుట ఉండియున్నచో ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. అట్టివారికి వేరు మందు కావలసియుండును. పాతికేండ్ల లోపు వారిని మొదటి వారములలో మరింత కనిపెట్టి యుండవలెను. గర్భిణులు తమంత తాము మందు మానక, మొదలుపెట్టక, వైద్యుని అడుగవలెను.

దినచర్యలో మార్పులు

కుంగుబాటు స్వల్పముగా ఉన్నచో మందు లేకుండనే, మాటల చికిత్సతోను దినచర్యలో మార్పులతోను వైద్యులు నయము చేయ ప్రయత్నింతురు. వ్యాధి హెచ్చుగా ఉన్నచో మందును, మార్పులును రెండును కావలెను. కాడికి రెండెద్దులు కట్టినట్లు ఈ రెండును కలిసి నడువవలెను.

రోగి ఏమనును? “హుషారు వస్తే లేచి పని చేస్తాను” అనును. ఈ వ్యాధిలో ఆ వరుస తలక్రిందులు. ముందు లేచి చిన్న పని చేసినచో, దాని వెనుక హుషారు కొంచెము కొంచెముగా వచ్చును. కావున పెద్ద పనులు చెప్పరాదు. మొదటి దినమున స్నానము చేసి అరుగుమీద కూర్చుండుట చాలును. మరునాడు వీధి చివర వరకు నడచుట. ఆ పిదప చెరువు కట్ట వరకు. శక్తి వచ్చిన కొలది వారమునకు అయిదు దినములు, దినమునకు అరగంట చురుకుగా నడచుట మంచిది. రాత్రి నిద్ర పట్టకపోయినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. పగలు గంటలకొలది పండుకొనరాదు. సాయంత్రము తరువాత కాఫీ, టీలు మానవలెను. పడకమీద సెల్‌ఫోను చూడరాదు. ఆకలి లేకున్నను వేళకు కొంచెమైనను తినవలెను. మద్యము ఆ పూటకు బాధను మరపించినట్లు తోచినను, మరునాడు మనసును మరింత క్రుంగదీయును. మందుతో కలిసినచో ఇంకను హాని చేయును. అన్నిటికంటె ముఖ్యము, మనిషి ఒంటరిగా ఉండరాదు. భజనకైనను, పొదుపు సంఘము సమావేశమునకైనను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.

ఇవి ఉత్త హితవచనములు కావు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చిన తీవ్రమైన కుంగుబాటు రోగులపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటితమైనది. వైద్యులు కాని స్థానికులకు శిక్షణ నిచ్చి, రోగులతో 6 నుండి 8 పర్యాయములు మాట్లాడించి, ఇట్టి చిన్న పనులను ఒక్కొక్కటిగా మొదలుపెట్టించిరి. మూడు నెలలకు ఆ సహాయము పొందినవారిలో నూటికి 64 మందికి వ్యాధి నెమ్మదించినది. సాధారణ వైద్యము మాత్రమే పొందినవారిలో ఆ సంఖ్య 39. ఆ పని చేసినవారు మీవంటివారే.

పంచాయతీ ఏమి చేయగలదు?

పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను రాజ్యాంగము 11వ షెడ్యూలులో పేర్కొన్నది. అందు ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములును ఉన్నవి. కావున ఇది మన పని కాదనుటకు వీలులేదు. నాటి పశ్చిమ గోదావరి జిల్లాలోనే 30 గిరిజన గ్రామములలో ఒక ప్రయోగము జరిగినది. ఆశా కార్యకర్తలకు శిక్షణ నిచ్చి, చేతిలో చిన్న కంప్యూటరు పలక నుంచి, ఇంటింటికి పంపి, కుంగుబాటు మున్నగునవి కలవారిని గుర్తించి వైద్యునికి చూపించిరి. మునుపు అట్టివారిలో నూటికి ఒక్కరును మానసిక వైద్యమునకు పోవుటలేదు. ఆ పిదప నూటికి 12 మందికి పైగా పోయిరి. ఈ ఫలితము 2017లో ప్రకటితమైనది. ఇంకను 87 మంది మిగిలిరనుట నిజమే. కాని తలుపు తట్టువారు ఉన్నచో తలుపు తెరచుకొనునని దీనివలన తెలియుచున్నది.

మీరు చేయదగిన పనులను కొన్నింటిని మనవి చేయుదుము.

మొదటిది: మందు మొదలుపెట్టిన ప్రతి రోగికి, అతని ఇష్టముతో, ఆరు వారములపాటు ఒక తోడు మనిషిని ఏర్పరచుడు. ఆశా కార్యకర్త కావచ్చును, వార్డు సభ్యులు కావచ్చును, నమ్మకమైన పొరుగువారు కావచ్చును. వారమునకు ఒకటి రెండు సార్లు వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. మందు వేసికొనుచున్నారా? నిద్ర పట్టుచున్నదా? ఇంటినుండి వెలుపలికి వచ్చినారా? చావవలెనను తలపు వచ్చినదా? కడపటి ప్రశ్న అడుగుటకు జంకవలదు. అడిగినందువలన లేని తలపు పుట్టదు. లోపల దాచుకొన్నది చెప్పుకొనుటకు దారి ఏర్పడును. ఔనని చెప్పినచో ఆ మనిషిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

రెండవది: 14416 అను సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడమీద, పాఠశాల గోడమీద పెద్దగా వ్రాయించుడు. ఇది 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ. రేయింబవళ్ళు ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆసుపత్రికి పోవుటకు వెనుకాడువారు ముందు ఇచ్చట మాట్లాడవచ్చును.

మూడవది: పురుగుమందులను ఇండ్లలో అందరి చేతికందునట్లు ఉంచనీయకుడు. తమిళనాడులో కొన్ని గ్రామములందు వానిని ఊరిలో ఒకచోట తాళము వేయు పెట్టెలలో భద్రపరచు పద్ధతిని పరీక్షించి చూచిరి. మన పంచాయతీలును ఆలోచింపదగిన విషయమిది. చావు తలపు తరచుగా కెరటమువలె వచ్చి పోవునది. ఆ గడియ దాటినచో ప్రాణము దక్కును.

నాల్గవది: చట్టమును ప్రజలకు తెలియజేయుడు. ప్రాణము తీసికొనబోయి బ్రతికినవానిమీద పోలీసు కేసు అగునను భయముతో కుటుంబములు ఆసుపత్రికి పోక దాచుచున్నవి. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో నుండెనని భావింపవలెననియు, శిక్షింపరాదనియు చెప్పుచున్నది. అతనికి చికిత్స ఇప్పించుట ప్రభుత్వము విధి. ప్రభుత్వ వైద్యము ద్వారా మానసిక చికిత్స పొందుట ప్రతివాని హక్కనియు ఆ చట్టమే చెప్పుచున్నది.

అయిదవది: గుట్టు కాపాడుడు. రోగి పేరు గ్రామసభలో ఎత్తరాదు. రచ్చబండమీద చర్చింపరాదు. “ధైర్యముగా ఉండు, నీకేమి తక్కువ” యని మందలింపరాదు. కాలు విరిగినవానిని పరుగెత్తుమని ఎవరును మందలింపరు గదా.

ఆ రైతు సంగతి

ఆ వార్డు సభ్యురాలు మా పొరపాటును ఎత్తిచూపి ఊరకుండలేదు. మందు గుణమిచ్చుటకు ఇన్ని వారములు పట్టునని మేము చెప్పగా విని, మరునాడే ఆ రైతును, అతని భార్యను వెంటబెట్టుకొని మరల వైద్యుని కడకు పోయినది. వైద్యుడు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనము తరువాత మింగుమనెను. బిళ్ళల పొట్లము భార్య చేతిలో ఉంచిరి. ప్రతి సాయంత్రము ఆమెయో, ఆమె భర్తయో పోయి “అన్నా, రా, కట్ట దాకా పోయొద్దాం” అని పిలుచుచుండిరి. మొదటి వారము అతడు గడప దాటలేదు. రెండవ వారము రామాలయము వరకు వచ్చెను. మాట లేదు. అయిదవ వారమున చెరువు కట్టమీద కూర్చుండి, తనంతట తానే మిరపతోటకు తడి పెట్టినారా యని అడిగెనట.

తరువాతి సంవత్సరము మేము అతనిని చూచితిమి. అప్పు తీరినదా యని ఎవరో అడిగిరి. “బాకీ అట్లాగే ఉందండీ. అప్పుడు దాన్ని తలుచుకుంటే ఊపిరాడేది కాదు. ఇప్పుడు కూర్చుని లెక్క వేసుకోగలుగుతున్నాను” అని అతడు చెప్పెను.

మందు అప్పును తీర్చదు. వానను కురిపింపదు. మనిషి తన కష్టమునకు ఎదురు నిలిచి లెక్క వేసికొనగల స్థితికి అతనిని తెచ్చును. ఆ తరువాతి సహాయము – బ్యాంకు కాగితములు, నష్టపరిహారపు దరఖాస్తులు, పెద్దమనుషుల రాజీలు – ఇవి యన్నియు పంచాయతీ పెద్దలుగా మీరు చేయవలసినవే.

మా కరపత్రమును తిరిగి అచ్చువేయించితిమి. “మందు గుణమిచ్చుటకు వారములు పట్టును, మానవద్దు” అను మాటను అందు మొదటి పంక్తిగా చేర్చితిమి. అయితే కరపత్రము సాయంకాలము తలుపు తట్టి పిలువలేదు. ఆ పని మీది. మీ వార్డులో కొంతకాలముగా కనిపింపని మనిషి ఎవరో ఒకసారి తలచుకొనుడు. నేడు ఇంటికి పోవుదారిలో ఆ గడపయొద్ద ఆగి పలుకరింపవలసినదని మిమ్ము ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.